ద్వీపముల వయస్సు గ్రహించిన డేనా పండితుడు

మన భాషలో పర్వతమునకు అచలమనియు నగమనియు పేళ్లు గలవు. కదలనిది యని రెండింటికిని అర్థము. అయినను మన పురాణములలోనే పర్వతములకు పూర్వము రెక్కలుండెననియు, ఇంద్రుడు వానిని ఖండించుచుండగా మైనాకుడు సముద్రములో దాగి తన రెక్కలను దక్కించుకొనెననియు కథ యున్నది. ఈ కథను విన్న చురుకైన బాలుడెవడైనను, పర్వతము సముద్రములో మునిగియుండుట నిజముగా జరుగునా, జరిగినచో మునిగినదని మనకెట్లు తెలియును అని యడుగక మానడు. ఇట్టి ప్రశ్నలనే యొక అమెరికా దేశపు యువకుడు పసిఫిక్ మహాసముద్ర మధ్యమున, అగ్నిపర్వతములు పుట్టించిన దీవుల యొడ్డున నిలిచి తన్ను తాను వేసికొనెను. మహాసముద్రపు అడుగును పరిశీలించుటకు తగిన పరికరము లాకాలమున లేవు. ఆయనకు దొరికిన సాక్ష్యము చాలవరకు ఒడ్డుననే యుండెను. ఒడ్డును జూచి అడుగును ఊహించిన ఆ జేమ్సు డ్వైటు డేనా పండితుని చరిత్రమును మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును సంగ్రహముగా జెప్పదలచితిమి.

డేనా 1813వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని న్యూయార్కు రాష్ట్రమున, యుటికా యను పట్టణములో జన్మించెను. తండ్రి వర్తకుడు. కుమారుడు కూడ దుకాణమున గూర్చుండునని యింటివా రనుకొనియుందురు గాని బాలుని మనస్సు రాళ్లమీదికి బోయెను. ఆయన చదివిన పాఠశాలలో ప్రకృతిశాస్త్రము నేర్పు ఉపాధ్యాయుడు బాలురను గదిలోనే కూర్చుండబెట్టక పొలములకును కొండలకును దీసికొనిపోయి రాళ్లను, మొక్కలను ఏరించుచుండెడివాడు. పుస్తకములో జదివినదానిని చేతితో ముట్టి చూచుట యను అలవాటు డేనాకు అక్కడనే పట్టుబడెను. ఆ కాలమున న్యూహేవెను పట్టణమందలి యేల్ కళాశాలలో బెంజమిన్ సిల్లిమన్ అను ఆచార్యుడు రసాయన, ఖనిజ, భూగర్భ శాస్త్రములను బోధించుచు దేశమంతట ఖ్యాతి వడసియుండెను. ఆయన పేరు విని డేనా 1830లో ఆ కళాశాలలో జేరి 1833లో పట్టము నొందెను.

పట్టము చేతికి వచ్చినను జీవనోపాధి వెంటనే దొరకలేదు. అప్పుడు డేనా యుద్ధనౌకలోని బాలనావికులకు గణితము చెప్పు పనికి ఒప్పుకొని మధ్యధరా సముద్రమునకు బయలుదేరెను. ఈ చిన్న యుద్యోగమే ఆయనకు తొలి అగ్నిపర్వతమును జూపినది. 1834 జూలైలో ఇటలీ దేశమున నేపుల్సు నగరము చెంతనున్న వెసూవియసు పర్వతము నెక్కి, అక్కడ తాను జూచినదానిని గురువైన సిల్లిమన్‌కు వ్రాసి పంపెను. సిల్లిమన్ తాను నడుపుచున్న శాస్త్రపత్రికలో మరుసటి సంవత్సరము దానిని ప్రకటించెను. తిరిగివచ్చిన పిదప డేనా గురువునకు సహాయకుడుగా నుండి, 1837లో ఖనిజశాస్త్రమును గూర్చి యొక పెద్ద గ్రంథమును ప్రకటించెను. అప్పటికి ఆయన వయస్సు 24 సంవత్సరములు మాత్రమే. అటుపిమ్మట ఆ గ్రంథము పెక్కు కూర్పులు పొంది, ఖనిజములు చదువువారికి అనేక తరములవరకు ఆధారమైనది.

ఇంతలో అమెరికా ప్రభుత్వమువారు దక్షిణ సముద్రములను పరిశోధించుటకును, ఓడలకు దారులు చూపు పటములు సిద్ధపరచుటకును ఆరు నౌకలను పంప నిశ్చయించిరి. ఛార్లెసు విల్క్సు అను నౌకాధికారి నాయకుడు. భూగర్భ ఖనిజ శాస్త్రములకు డేనా నియమింపబడెను. 1838 ఆగస్టు 18వ తేదీన ఆ నౌకలు బయలుదేరెను. ఓడలో ఇరుకు, ఎండ, తుపానులు, నాయకుని కాఠిన్యము మున్నగునవన్నియు ఆయన అనుభవించెను. మదీరా దీవియు, దక్షిణ అమెరికా తీరములును, తాహితి, సమోవా దీవులును చూచుచు 1839 తుదకు ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరము చేరిరి. నౌకలు దక్షిణ ధ్రువపు మంచుదిక్కునకు బోవగా డేనా మొదలగు శాస్త్రజ్ఞులు సిడ్నీలో నిలిచిరి.

అక్కడ ఒక వార్తాపత్రికలో ఛార్లెసు డార్విన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుని పగడపు దీవుల సిద్ధాంతమును గూర్చిన చిన్న వ్యాసము డేనా కంటబడెను. దాని సారాంశమిది. పగడపు పురుగులు వెలుతురు సోకు లోతులేని నీటిలోనే దిబ్బలు కట్టగలవు. అగ్నిపర్వతపు దీవి చుట్టును మొదట అవి యొడ్డు నంటి దిబ్బ కట్టును. దీవి మెల్లమెల్లగా క్రుంగుకొలది పురుగులు పైపైకి కట్టుకొనుచు పోవును. ఒడ్డునకును దిబ్బకును నడుమ నీటిమడుగు ఏర్పడును. తుదకు దీవి పూర్తిగా మునిగిపోగా, దాని చుట్టును వలయము వలె పగడపు దిబ్బ మాత్రము మిగులును. మన చేతి కడియమును జూచి చేయి ఎచ్చట నుండెడిదో చెప్పినట్లు, ఆ వలయమును జూచి మునిగిన కొండ యెచ్చట నున్నదో చెప్పవచ్చును.

డేనా ఆ వ్యాసమును జదివి ఎంతయు సంతోషించెను. ఏలయన అంతకుముందు తాహితి, సమోవాలలో తాను జూచిన వింతలకు దానిలో అర్థము దొరకెను. అయినను ఆయన దానిని నోటితో మెచ్చుకొని యూరకుండలేదు. డార్విన్ చెప్పినది నిజమైనచో అందుకు పగడముతో నిమిత్తము లేని వేరొక సాక్ష్యము కూడ ఉండవలెనని తలచి దానిని వెదకెను. ఆ సాక్ష్యము ఒడ్డు ఆకారములోనే దొరకెను. ఏరు కొండను కోయును గాని సముద్రమట్టముకన్న చాల దిగువకు కోయలేదు. నీరు సముద్రమును జేరినతోడనే దాని బలము ఉడుగును. అట్లుండగా, తాహితి వంటి దీవులలో కొండలోయల మొగలలోనికి సముద్రము చొచ్చుకొనివచ్చి లోతైన అఖాతములుగా నున్నది. ఏరు గాలిలో కోసిన లోయ నేడు నీటిలో నున్నదన్నచో భూమి క్రుంగియుండవలెను. ఈ యుక్తిని డార్విన్ కూడ చెప్పియుండలేదు. ఇది డేనా సొంత సొత్తు. పగడపు దీవుల వివాదము చాలకాలము సాగినప్పుడు పండితులు మరల మరల ఈ యుక్తినే ఆశ్రయించిరి.

ఆ దినములలో లోయలు ఎట్లు పుట్టెనన్న విషయముననే భేదాభిప్రాయములుండెను. భూకంపములచే భూమి పగిలి లోయలేర్పడెనని కొందరు, సముద్రపు అలలు త్రవ్వెనని మరికొందరు చెప్పుచుండిరి. చిన్న యేరు ఇంత పెద్ద లోయను త్రవ్వునా యని నవ్విన వారును గలరు. పసిఫిక్ దీవులలో తిరిగిన డేనా మాత్రము వాననీరే త్రవ్వినదని నిశ్చయించుకొనెను. వానగాలి కొట్టు ప్రక్కను లోయలు లోతుగాను, వాన తక్కువగా బడు ప్రక్కను నిస్సారముగాను ఉండుట ఆయన గమనించెను. భూకంపము గాలి దిక్కు చూచి కొండను పగులగొట్టదు గదా!

1840లో నౌకలు హవాయి దీవులను చేరెను. ఈ దీవులు పసిఫిక్ మహాసముద్రపు నడుమ ఆగ్నేయమునుండి వాయవ్యమునకు వరుసగా నిలిచియున్నవి. ఆగ్నేయపు కొసను హవాయి యను పెద్దదీవియు, తరువాత మావి, మొలొకై, ఓవాహు దీవులును, ఆపైన కౌవాయి దీవియు గలవు. అవి దాటినచో చిన్న చిన్న రాతి తిప్పలును, వాని కవతల నీటిమట్టమునకు కొంచెము పైకి దేలిన పగడపు దీవులును మాత్రమే కనబడును. ఈ వరుస సుమారు 1,500 మైళ్ల పొడవు గలది.

నవంబరు మాసమున డేనా పెద్దదీవిలో దిగి కీలవేయా అగ్నిపర్వతమును దర్శించెను. అక్కడ ఆయనకు దొరికినవి కొలది దినములు మాత్రమే. వెసూవియసు ప్రేలుచు బూడిదను, రాళ్లను ఎగజిమ్మును. కీలవేయా అట్లుగాక, మూడు మైళ్ల వెడల్పుగల పెద్ద గోతిలో కరగిన రాతిని కుండలోని పాకము వలె ఉడికించుచుండెను. ఆ రాతిద్రవము పలుచనిది. కావున కొండ నిటారుగా బెరుగక, బోర్లించిన పళ్లెమువలె విశాలముగా నేలపై పరచుకొని పెరుగును. ప్రక్కనున్న మౌనలోవా పర్వతము 13,680 అడుగుల యెత్తుండియు చూపునకు మెత్తని దిబ్బవలె గనబడుటకు ఇదియే కారణము. మౌనలోవా శిఖరమునుండి లావా పొంగినప్పుడును, అంతకు 9,000 అడుగులకు పైగా దిగువనున్న కీలవేయా గొయ్యి ప్రశాంతముగా నుండుటను బట్టి, ఈ రెండు కొండలకును లోపలి కాలువలు వేరువేరని డేనా వాదించెను.

ఆ యేటనే, డేనా రాకకు కొన్ని నెలల ముందు, కీలవేయానుండి బయలుదేరిన లావా భూమిలోపల కొంతదూరము, పైని కొంతదూరము ప్రవహించి పూనా ప్రాంతమున సముద్రములో బడెను. హీలో పట్టణమున మిషనరీగా నుండిన టైటసు కోన్ అను ఆయన ఆ ప్రవాహమార్గమును కాలినడకను పరిశీలించెను. కాగిన లావా చన్నీటిలో బడినప్పుడు పటపట పగిలి నల్లని యిసుకగా మారును. ఆ యిసుకతోనే తీరమున క్రొత్త దిబ్బలు లేచెను. ఈ కోన్‌గారు తాను శాస్త్రజ్ఞుడు కాకపోయినను, ఆ తరువాత నలువది సంవత్సరములు, 1882లో మరణించువరకు, ప్రతి లావాప్రవాహమును కన్నులార జూచి లేదా చూచినవారి నడిగి డేనాకు జాబులు వ్రాయుచుండెను. డేనా వానిని శాస్త్రపత్రికలో ప్రకటించుచుండెను. ఒక మారుమూల తీరమున నివసించువాడు చూచినది చూచినట్లు వ్రాసిన జాబులు శాస్త్రమున కెంత యుపకరించునో దీనివలన మనకు దెలియుచున్నది.

ఇక డేనా చేసిన ముఖ్యమైన పరిశీలనకు వత్తము. ఆయన దీవుల నొకదానితో నొకటి పోల్చిచూచెను. పెద్దదీవిలో మౌనలోవా వాలులపై లోయలే లేవు. నిన్న మొన్న పారిన లావా సముద్రమువరకు నల్లగా పరచుకొనియున్నది. అదే దీవిలో చల్లారిన మౌనకియా పర్వతమునకు వానప్రక్కను గండ్లు పడియున్నవి. దీవి ఉత్తరపు కొసనున్న కొహాలా పర్వతములో వాయిపియో వంటి విశాలమైన లోయలున్నవి. ఓవాహు దీవిలో కొండ సగము అరిగి వాడిగోడలు మాత్రమే మిగిలియున్నవి. కౌవాయిలో వాయిమేయా లోయ సుమారు 3,000 అడుగుల లోతు గలిగి, తీరమున కొండలు గోడలవలె నిలువుగా నున్నవి. అగ్నిపర్వతము మండుచున్నంతకాలము లావా గండ్లను పూడ్చుచుండును. నిప్పు ఆరిన తరువాతనే ఏరులకు చేతినిండ పని. కాబట్టి లోయ లోతే నిప్పు ఆరిన కాలమునకు గడియారము. వానప్రక్కను వానప్రక్కతోను, ఎండప్రక్కను ఎండప్రక్కతోను పోల్చి డేనా ఈ గడియారమును జదివెను. వాయవ్యమునుండి ఆగ్నేయమునకు నిప్పు క్రమముగా ఆరుచు వచ్చినదని ఆయన తేల్చెను. ఆ దీవుల స్థానికులలో పేలే యను అగ్నిదేవత కౌవాయినుండి బయలుదేరి దీవిదీవికి మారుచు తుదకు కీలవేయాను నివాసముగా జేసికొనెనను కథ పూర్వమునుండియు గలదు. వారు కథగా భద్రపరచిన క్రమమును డేనా కొలతలతో నిరూపించెను.

ఓవాహు దీవిలోని నువ్వానూ కనుమ యొద్ద పాలి యను కొండగోడ డేనాను మిక్కిలి ఆకర్షించెను. ఒక ప్రక్క మెల్లని వాలు. రెండవ ప్రక్క ఆకస్మికముగా వేయి అడుగులకు పైబడిన గోడ. కొండలో ఒక సగమున్నది, రెండవ సగము ఏమైనది? ఆ సగము విరిగి సముద్రములోనికి క్రుంగియుండునని ఆయన యూహించెను. సముద్రము అడుగున దానిని జూచుటకు మాత్రము ఆయనకు సాధనము లేదు. ఈ ప్రశ్న సుమారు నూరు సంవత్సరములకు పైగా అట్లే నిలిచియుండెను.

హవాయినుండి డేనా ఎక్కిన పీకాక్ అను నౌక మరికొన్ని దీవులను జూచి అమెరికా పశ్చిమతీరమునకు బోయి, 1841 జూలై 18వ తేదీన కొలంబియా నది మొగను ఇసుకమేటలపై నెక్కి బ్రద్దలయ్యెను. ప్రాణనష్టము కలుగలేదు. కాని డేనా సేకరించిన వస్తువులలో కొంతభాగము అలలపాలయ్యెను. ఎన్ని నెలల కష్టమో ఒక్క రాత్రిలో బోయినది! ఆయన దుఃఖించుచు కూర్చుండక, ఒరెగాన్ నుండి కాలిఫోర్నియా వరకు భూమార్గమున పోవు బృందముతో నడచి, దారిపొడవున కొండలను, నదులను పరిశీలించుచు శాన్‌ఫ్రాన్సిస్కో చేరెను. 1842 జూన్ మాసమున స్వదేశమున కాలుమోపెను.

నాలుగేండ్ల ప్రయాణమున జూచినదానిని వ్రాయుటకు ఆయనకు పదమూడేండ్లు పట్టెను. పగడపు జీవులనుగూర్చి 1846లోను, దీవుల భూగర్భమునుగూర్చి 1849లోను, పీతలు రొయ్యలు మున్నగు జీవులనుగూర్చి 1852 మొదలు 1855 వరకును పెద్ద సంపుటములు వెలువడెను. ప్రభుత్వమువారు అచ్చువేయించిన ప్రతులు బహు కొద్ది. 1844లో గురుపుత్రికయైన హెన్రియెట్టా సిల్లిమన్‌ను వివాహమాడెను. 1846 నుండి మామగారి శాస్త్రపత్రికకు సంపాదకులలో నొకడయ్యెను. తరువాత మామగారి స్థానమున ఆచార్యపదవిని బొందెను. పగలు బోధన, రాత్రి వ్రాత, నడుమ ఉత్తరములు. ఈ శ్రమ కోర్వలేక 1859లో ఆరోగ్యము పూర్తిగా చెడెను. ఐరోపాలో కొన్ని నెలలు విశ్రాంతి తీసికొని వచ్చినను పూర్వపు బలము మరల రాలేదు. నాటినుండి దినమునకు కొన్ని గంటలు మాత్రమే పనిచేయగలిగెను. అయినను ఆ కొన్ని గంటలనే పొదుపుగా వాడుకొని 1862లో భూగర్భశాస్త్ర పాఠ్యగ్రంథమును, 1872లో పగడపు దీవుల గ్రంథమును ప్రకటించెను. లండను నగరపు భూగర్భశాస్త్ర సంఘమువారు 1872లో వొల్లాస్టన్ పతకమును, రాయల్ సొసైటీవారు 1877లో కోప్లీ పతకమును ఇచ్చి సన్మానించిరి.

1887లో డేనాకు 74 సంవత్సరములు. ఆ వయస్సున ఎవరైనను పూర్వపు కీర్తితో తృప్తినొంది యింట గూర్చుందురు. డేనా యట్లుగాక భార్యను, కుమార్తెను వెంటబెట్టుకొని మరల హవాయికి ప్రయాణమయ్యెను. 27 ఏండ్ల వయస్సున కొలది దినములలో జూచి వ్రాసినది నిజమా కాదా యని స్థలమున సరిచూచుకొనకుండ అగ్నిపర్వతముల గ్రంథము వ్రాయుట ఆయనకు సమ్మతము కాలేదు. 1840లో కీలవేయా గోతిలో తాను జూచిన లోపలిగొయ్యి ఇప్పుడు లావాతో పూడిపోయి అడుగు పైకి లేచియుండెను. ఆ మార్పులన్నిటిని కోన్‌గారి జాబులతోను ఇతరుల వ్రాతలతోను సరిపోల్చి 1890లో తన గ్రంథమును వెలువరించెను. 1895 ఏప్రిల్ 14వ తేదీన న్యూహేవెనులో స్వర్గస్థుడయ్యెను. మరణమునకు కొంచెము ముందుగానే భూగర్భశాస్త్ర పాఠ్యగ్రంథపు నాల్గవ కూర్పును ముగించెను.

ఇట్టి మహనీయుడు పొరబడలేదా యని విద్యార్థులడుగవచ్చును. పొరబడెను. ఆ సంగతి దాచుట మాకు న్యాయముగా తోచదు. దీవుల క్రింద భూమి పొడవున పగిలి, అన్ని కొండలును ఇంచుమించుగా నొకేసారి మండనారంభించి, వాయవ్యమునుండి ఒక్కొక్కటే ఆరెనని ఆయన తలచెను. మహాసముద్రములును ఖండములును మొదటినుండి ఉన్నచోటనే యున్నవని కూడ నమ్మెను. ఈ రెండును నిలువలేదు. 1963లో కెనడా దేశపు శాస్త్రజ్ఞుడు టూజో విల్సన్ వేరొక కారణమును జెప్పెను. భూమిలోపలి వేడిచోటు ఇంచుమించు కదలక యుండగా, దానిమీద సముద్రపు అడుగే యొక పెద్ద రాతిఫలకమై వాయవ్యముగా సాగుచున్నది. దీపముపైన కాగితమును మెల్లగా లాగినచో వరుసగా మచ్చలు పడునట్లు, వరుసగా అగ్నిపర్వతములు పుట్టి తరలిపోవుచున్నవి. ఫలకపు నడక యేడాదికి మూడు నాలుగు అంగుళములు మాత్రమే.

రాళ్ల వయస్సును లెక్కకట్టు పద్ధతులు వచ్చిన పిదప డేనా చెప్పిన క్రమము స్థిరపడెను. కౌవాయి రాళ్లకు సుమారు 50 లక్షల యేండ్లు. పెద్దదీవికి పది లక్షలకు లోపు. వాయవ్యముననున్న మిడ్‌వే పగడపు దీవి క్రింది కొండకు సుమారు 2 కోట్ల 80 లక్షల యేండ్లు. అక్కడితో వరుస ముగియలేదు. ప్రతిధ్వనిచే లోతును గొలుచు పరికరములతో వెదకగా, అది నీటిలో మునిగి మొదట వాయవ్యముగాను, పిదప ఉత్తరముగా మలుపు తిరిగియు, కంచట్కా సమీపమువరకు సాగియుండుట తెలిసినది. ఆ కొసనున్న కొండలకు ఎనిమిది కోట్ల యేండ్ల వయస్సు గలదు. 1952లో పసిఫిక్ పశ్చిమభాగమందలి ఎనెవెటాక్ అను వలయదీవిలో బెజ్జము వేయగా, 4,000 అడుగులకు మించిన పగడపు సున్నపురాతి క్రింద అగ్నిపర్వతపు నల్లరాయి తగిలినది. డార్విన్, డేనాలు చెప్పిన క్రుంగుడునకు ఇంతకన్న నిదర్శనమేల?

పాలి కొండగోడ ప్రశ్నకును సమాధానము వచ్చినది. ఓవాహు ఈశాన్యమున సముద్రపు అడుగున పెద్ద పెద్ద రాతిఖండములు చెదరియున్నట్లు 1964లో గుర్తించిరి. 1980 తరువాతి సముద్రగర్భ పటములలో అవి స్పష్టముగా గానవచ్చినవి. వానిలో టస్కలూసా యనునది సుమారు 18 మైళ్ల పొడవు, పది మైళ్ల వెడల్పు గలది. అనగా కొండ సగము నిజముగానే విరిగి సముద్రములోనికి జారిపోయినది. దాని మిగిలిన అంచును వానలు కోసికోసి నేటి గోడగా చెక్కినవి. ఆ కొండ క్రుంగెనని డేనా యనుకొనెను. జారెనని మనకు దెలిసినది. కాని పోయిన సగమును సముద్రములో వెదకవలెనని మొదట సూచించిన చూపు ఆయనదే.

తీరపు కథ నేటికిని ముగియలేదు. 2018లో పూనా ప్రాంతమున లావా పొంగి 700లకు పైగా ఇండ్లను మ్రింగి, కపోహో అఖాతమును పూడ్చి, సముద్రములోనికి ఒక చదరపు మైలునకు మించిన క్రొత్తనేలను జేర్చినది. ఒకచోట నేల పుట్టుచుండగా ఆ బరువునకే పెద్దదీవి మెల్లగా క్రుంగుచున్నది. దీవికి ఆగ్నేయమున, నీటిలోపల మూడువేల అడుగులకు పైబడిన లోతున శిఖరముగల యొక క్రొత్త అగ్నిపర్వతము పెరుగుచున్నది. పూర్వము లోయిహి యనబడిన దీనికి 2021లో కమఎహువకనలోవ యని పేరు పెట్టిరి. వేల యేండ్లకు అది నీటిపైకి వచ్చి దీవి కావచ్చును.

ఇదంతయు దూరదేశపు సంగతి, మనకేమి యని యెవరును అనుకొనరాదు. రాజమహేంద్రవరము చెంత కాటేరులోను, గోదావరి కావలి పంగిడిలోను కనబడు నల్లరాళ్లు సుమారు 6 కోట్ల 60 లక్షల యేండ్లనాటి లావాయే. దక్కను పీఠభూమిని కప్పిన ఆ మహాప్రవాహములు పడమటినుండి అంతదూరము పారివచ్చెనని చాలమంది పండితుల అభిప్రాయము. ఆ లావా పొరల నడుమ ఉప్పునీటి గవ్వలుగల సున్నపురాయి చిక్కియున్నది. అనగా నాడు సముద్రతీరము అక్కడనే యుండెను. ఆ రాతిపొరలే తూర్పున సముద్రపు అడుగువరకును సాగియున్నట్లు నూనెబావులు త్రవ్వినవారు కనుగొనిరి. దక్కను లావాకు కారణమైన వేడిచోటు నేడు హిందూ మహాసముద్రమున రియూనియన్ దీవి క్రింద నున్నదనియు, మాల్దీవుల పగడపు వలయములు దాని దారిలో మునిగిన కొండలపై నిలిచినవనియు చెప్పుదురు. హవాయి పాఠము మన ముంగిటను కూడ వ్రాసియున్నది.

డేనా జీవితమున మాకు గొప్పగా తోచినది ఆయన పొందిన పతకములు గావు. ఏటిగండిని జూచి కాలమును, మునిగిన లోయను జూచి క్రుంగుడును, తెగిన కొండను జూచి పోయిన సగమును తెలిసికొనిన ఆ చూపు గొప్పది. నలువదియేడేండ్ల తరువాత తాను చెప్పినది సరియా యని మరల సముద్రము దాటి వెళ్లి చూచుకొనిన ఆ నిజాయితీ అంతకన్న గొప్పది. మా విద్యార్థులు సెలవులకు ఇండ్లకు బోవునప్పుడు తమ యూరి వాగుగట్టున కొంతసేపు నిలిచి, నీరెక్కడ కోయుచున్నదో, మన్నెక్కడ మేట వేయుచున్నదో చూచి వ్రాసికొందురు గాక. తిరిగివచ్చిన పిదప మరల అదే గట్టునకు బోయి, తాము వ్రాసినది సరియా యని చూచుకొందురు గాక. మైనాకుని సముద్రములో వెదకుటకు బయలుదేరిన డేనాకు మొదటి పాఠశాల, తన యూరి రాళ్లగుట్టయే గదా!